ఇల్లే కార్ఖానా అయినప్పుడు

చరిత్ర వ్యాసమంటే కోటలు, నవాబులు, యుద్ధాలు, పాత శిలాశాసనాలు అని మనలో చాలామంది అనుకుంటారు. అవన్నీ రాయవలసినవే, చదవవలసినవే. అయితే ఈ ఏటి సంచికలో మేము వేరొక చరిత్ర చెప్పదలిచాము. ఇది మన ఇళ్ళ చరిత్ర. నాలుగు గోడల మధ్య కూర్చుని కూలికో, జీతానికో పని చేసినవాళ్ళ చరిత్ర. ఆ పని వాళ్ళ వేళ్ళకు, నడుముకు, కళ్ళకు ఏం చేసిందో కొద్దో గొప్పో అందరికీ తెలుసు. మనసుకు ఏం చేసిందో మాత్రం ఎవరూ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

ఇప్పుడీ విషయం ఎందుకు ఎత్తుకున్నారని మీరు అడగవచ్చు. చెప్తాం. 2020లో మా ఇంట్లో ఒకే కప్పు కింద రెండు కాలాలు కూర్చున్నాయి. బయట దాలాన్‌లో మా ఖాలా బీడీల చాట ముందేసుకుని కూర్చునేది. నలభై ఏళ్ళకు పైబడిన అలవాటు అది. లోపలి గదిలో తలుపు వేసుకుని మా కుర్రాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం, కరోనా వచ్చి ఇంటికి పంపించేశారు. ఇద్దరిదీ ఇంటి పనే. ఖాలాకు చూపు తగ్గింది, వేళ్ళ కొసలు గట్టిపడ్డాయి, కానీ మనిషి నవ్వుతూ మాట్లాడుతుంది. కుర్రాడికి ఒంట్లో ఏ జబ్బూ లేదు, జీతం నెల నెలా పడుతోంది. అయినా ఆరు నెలలు తిరిగేసరికి మాట మానేశాడు, నిద్ర మానేశాడు. ఏసీ లేకపోయినా నీడపట్టున కూర్చుని చేసే పనికి అంత బాధ ఏమిటని మేమే అన్నాం. ఆ మాట అన్నందుకు తర్వాత చాలా నొచ్చుకున్నాం.

ఈ తేడా ఎక్కడిదో తెలుసుకుందామని వెనక్కి తిరిగి చూస్తే చాలా దూరం పోవలసి వచ్చింది.

పని పాతదే, పేరే కొత్తది

"ఇంటి నుంచి పని" అనే మాట నిన్న మొన్నటిది. పని మాత్రం వందల ఏళ్ళ నాటిది. మన తెలుగు దేశంలో నేతగాళ్ళ ఇల్లు చూడండి. గుంట మగ్గం ఇంట్లోనే ఉంటుంది. ఇంటాయన నేస్తుంటే ఆడవాళ్ళు, ముసలివాళ్ళు నూలు తోడతారు, కండెలు చుడతారు. పొయ్యి అక్కడే, పడక అక్కడే, పని అక్కడే. అయితే ఆ పనిలో ఒక భాగం ఇంట్లో జరిగేది కాదు. పడుగును వీధిలో బారుగా చాపి, గంజి పెట్టి, కుంచెతో దువ్వాలి. ఒక్కడి వల్ల అయ్యేది కాదు, నాలుగిళ్ళ వాళ్ళు చెయ్యి వెయ్యాలి. తెల్లవారుజామున వీధి వీధంతా అక్కడే ఉండేది. ఎవరింట్లో ఏం జరుగుతున్నదో, ఎవరు దిగులుగా ఉన్నారో ఆ పడుగు దగ్గరే తెలిసిపోయేది.

మన హైదరాబాదులో లాడ్ బజారు గాజులూ అంతే. దుకాణంలో మెరిసే లక్క గాజులు తయారయ్యేది ఆ చుట్టుపక్కల గల్లీల ఇళ్ళలో, నిప్పుల సెగ ముందు. ఆ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గాజుకు పేరు వచ్చింది, చేసిన చేతికి ఇంకా రావలసి ఉంది.

ఇంగ్లండులోనూ ఇదే పద్ధతి నడిచింది. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాలలో బట్టల వర్తకులు పల్లెల్లో ఇంటింటికీ ఉన్ని, నూలు ఇచ్చి, నేసిన గుడ్డ తీసుకుని, గజాల లెక్కన కూలి ఇచ్చేవారు. ఇంట్లో పని గనుక వేళాపాళా వాళ్ళ ఇష్టం. సోమవారం పని ముట్టుకోకుండా హాయిగా తిరగడం, వారం చివర గుడ్డ అప్పజెప్పే రోజు దగ్గరపడగానే రాత్రింబవళ్ళు కూర్చోవడం వాళ్ళకు అలవాటు. ఆ సోమవారానికి వేళాకోళంగా ఒక సాధుపుంగవుడి బిరుదు కూడా తగిలించారు.

1771లో క్రామ్‌ఫర్డ్ అనే ఊళ్ళో రిచర్డ్ ఆర్క్‌రైట్ నీటి బలంతో నడిచే నూలు మిల్లు పెట్టాడు. అక్కడి నుంచి పని ఇల్లు విడిచి మిల్లులోకి పోవడం మొదలైంది. మిల్లు పని ఎంత క్రూరమో, పసిపిల్లలను ఎలా నలిపిందో అందరికీ తెలిసిందే. దాన్ని మేము మెచ్చుకోవడం లేదు. కానీ మిల్లుకొక గేటు ఉంది. గంట కొడితే పని మొదలు, మళ్ళీ గంట కొడితే పని సరి. గేటు దాటి బయటికొచ్చినవాడి వెంట యజమాని ఇంటి దాకా రాడు. ఇంటి పనికి ఆ గేటు లేదు. మా కుర్రాడి కథలో ఈ గేటు మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

మిల్లులు వచ్చాక ఇంటి పని పూర్తిగా పోలేదు, అందరికంటే పేదవాళ్ళకు మిగిలింది. అగ్గిపెట్టెలు అతికించడం, చొక్కాలు కుట్టడం, కాగితపు పూలు చేయడం. చేసేది ఎక్కువగా ఆడవాళ్ళు. అద్దె గదుల్లో, దీపం వెలుతురులో. వాళ్ళు ఎవరికీ కనిపించేవారు కాదు. 1906లో లండనులో ఒక పత్రిక పూనుకుని విచిత్రమైన ప్రదర్శన పెట్టింది. వస్తువులకు బదులు మనుషులనే కూర్చోబెట్టింది. ఇళ్ళలో పని చేసే ఆడవాళ్ళు వచ్చి జనం కళ్ళ ముందే తమ పని చేసి చూపించారు. ఎన్ని గంటలు చేస్తారో, ఎంత వస్తుందో పక్కనే రాసి పెట్టారు. తాము కట్టుకున్న బట్ట వెనుక ఎవరున్నారో చూసి పెద్దింటి వాళ్ళు తెల్లబోయారు. మూడేళ్ళ తర్వాత 1909లో చట్టం వచ్చి, నాలుగు వృత్తులలో కనీస కూలి నిర్ణయించే ఏర్పాటు జరిగింది. కనిపిస్తేనే న్యాయం అని అప్పుడు తేలింది.

హకీములు ముందే చెప్పారు

మనసు జబ్బు ఈ కాలపు పిల్లల సోకు అని కొందరు పెద్దలు అంటుంటారు. అది నిజం కాదు. బల్ఖ్ ప్రాంతంలో 850 దరిదాపుల్లో పుట్టి 934లో కన్నుమూసిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు శరీర ఆరోగ్యం గురించి, మనసు ఆరోగ్యం గురించి ఒకే గ్రంథంలో రెండు భాగాలు రాశాడు. శరీరానికి జబ్బు చేసినట్టే మనసుకూ చేస్తుందని, ఒకదాని బాధ రెండోదానికి పాకుతుందని వివరించాడు. దిగులును రెండు రకాలుగా విడదీశాడు. కారణం తెలిసిన దిగులు ఒకటి, కారణమేదీ కనిపించకుండా మీద పడే దిగులు రెండోది. మనిషిని పీడించే వస్‌వాస్ తలంపుల గురించి రాస్తూ ఒంటరిగా, ఊరకే ఉండవద్దని, నలుగురితో కలవమని సలహా ఇచ్చాడు. వెయ్యేళ్ళ కిందటి మాట ఇది!

ఆ తర్వాత 1700లో ఇటలీ వైద్యుడు బెర్నార్దీనో రమజ్జీనీ పనివాళ్ళ జబ్బుల మీద పెద్ద గ్రంథం ప్రచురించాడు. రోగి నాడి చూసే వైద్యుడు ఒక ప్రశ్న అదనంగా అడగాలని ఆయన పట్టుబట్టాడు. "నువ్వు ఏం పని చేస్తావు?" అన్నదే ఆ ప్రశ్న. వంగి కూర్చునే దర్జీల, చెప్పులు కుట్టేవాళ్ళ నడుముల గురించి రాశాడు. రోజంతా గదిలో పుస్తకాల మధ్య కూర్చునే చదువరులకు దిగులు జబ్బు ఎలా పడుతుందో కూడా రాశాడు. మనమూ పిల్లవాడు డీలాపడితే జ్వరం ఉందా, అన్నం తిన్నాడా అని అడుగుతాం. నీ పని ఎలా సాగుతోంది, ఎవరితో మాట్లాడుతున్నావు అని అడగం.

బీడీల చాట

ఇక మన గడప దగ్గరికి వద్దాం. నిజామాబాదు, జగిత్యాల, కామారెడ్డి, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల్లో బీడీ చుట్టని వీధి లేదంటే అతిశయోక్తి కాదు. హిందూ ఇళ్ళు, ముస్లిం ఇళ్ళు అన్న తేడా లేదు. తునికాకు తెచ్చి తడపాలి, కత్తిరించాలి, తంబాకు వేసి చుట్టాలి, దారం కట్టాలి, కట్టలు కట్టి అప్పజెప్పాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. బాగాలేవని పక్కన పారేసినవాటికి కూలి లేదు. అప్పజెప్పే రోజు వస్తోందంటే ముందు రాత్రి దీపం ఆరదు. బడి నుంచి వచ్చిన ఆడపిల్ల కూడా సంచీ దించి చాట ముందు కూర్చోవలసిందే. "ఇవాళ ఎన్ని తీసేస్తాడో" అన్న గుబులు ఆ ఇళ్ళలో ప్రతివారం ఉండేది. బీడీ పనిని మేము పొగడటం లేదు. తంబాకు దుమ్ము ఊపిరికి ఏం చేసిందో చూసినవాళ్ళమే.

ఈ పని ఇళ్ళలోకి ఎలా వచ్చిందో కూడా తెలుసుకోవాలి. 1948లో కార్ఖానాల చట్టం వచ్చాక, కార్ఖానా నడిపితే గంటలు, సెలవులు, తనిఖీలు అని చాలామంది యజమానులు పనిని ఇళ్ళకు పంచేశారు. ఇంట్లో చుట్టే మనిషి "మా పనివాడే కాదు" అనేయడం తేలిక కదా! 1966లో పార్లమెంటు బీడీ, చుట్ట కార్మికుల చట్టం చేసి ఇంట్లో చుట్టేవాళ్ళను కూడా కార్మికులే అన్నది. యజమానులు కోర్టుకు పోయారు. 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. 1985లో మరో తీర్పుతో ఇంటి బీడీ కార్మికులకు ప్రావిడెంట్ ఫండ్ హక్కు కూడా ఖాయమైంది.

మన తెలంగాణ ప్రాంతపు దుకాణాల చట్టం మీద వచ్చిన దర్జీల కేసు కూడా చెప్పుకోదగ్గది. 1973లో తీర్పు వచ్చింది. దుకాణం వాళ్ళిచ్చిన బట్టను దర్జీలు అప్పుడప్పుడూ ఇంటికి పట్టుకుపోయి కుట్టేవారు, ముక్కకింతని కూలి తీసుకునేవారు. కాబట్టి వాళ్ళు మా పనివాళ్ళు కారని దుకాణందారుల వాదన. ఇంటికి తీసుకుపోయి కుట్టినంత మాత్రాన పనివాడు పనివాడు కాకుండా పోడని సుప్రీంకోర్టు చెప్పింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1000 రూపాయల భృతి మొదలుపెట్టింది, 2019లో దాన్ని 2016 రూపాయలు చేసింది.

ఇదంతా డబ్బు సంగతి, మనసు సంగతి కాదు కదా అంటారేమో. ఖాలాను అడిగితే అలా అనదు. పీఎఫ్ నంబరు చేతికి వచ్చిన రోజును ఆమె పెళ్ళిరోజులా గుర్తుపెట్టుకుంది. "అప్పటిదాకా ఇంట్లో కూర్చుని ఏదో చేసుకుంటుంది అనేవాళ్ళు. ఆ రోజు నుంచి పని చేస్తుంది అన్నారు" అంటుంది. మనిషి చేసే పనికి పేరు పెట్టకపోతే, ఆ మనిషే లేనట్టు అయిపోతుంది.

ఇంకో మాట కూడా అంటుంది. "ఒక్కదాన్నే చుట్టిన రోజు వెయ్యి కొండలా ఉంటుంది. నలుగురం కూర్చుంటే వెయ్యి ఎప్పుడయ్యిందో తెలీదు." వాళ్ళ దాలాన్‌లో మధ్యాహ్నం అయ్యేసరికి ఐదారు చాటలు చేరేవి. కోడలి మీద చాడీలు, బజారు ధరలు, ఎవరి పిల్ల పెళ్ళి కుదిరింది, ఎవరింట్లో మొగుడు చెయ్యి చేసుకున్నాడు, అన్నీ అక్కడే. ఏడ్చేది అక్కడే, నవ్వేది అక్కడే. గుమాస్తా అన్యాయంగా బీడీలు పారేస్తే కలిసి గట్టిగా అడిగేదీ అక్కడే. అలా కూర్చునే వీలు లేక, ఘోషా పేరుతోనో, ఇంట్లో మంచం పట్టినవాళ్ళు ఉండో, లోపలే ఒంటరిగా చుట్టినవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో కొందరు ఏళ్ళ తరబడి తలనొప్పి, గుండెదడ, "ఏమీ బాగాలేదు" అంటూ తాయెత్తుల కోసం తిరిగారు. పని అదే, కూలీ అదే, ఉన్న తేడా దాలాన్ ఒక్కటే.

టేపు రికార్డరు కథ

కలం, కాగితం, యంత్రం చేతిలో ఉన్న చదువుకున్నవాళ్ళ ఇంటి పని ఎప్పుడు మొదలైంది? ఇక్కడ ఒక ఆడమనిషి కథ చెప్పాలి. జర్మనీలో పుట్టి, 1939లో అయిదేళ్ళ పిల్లగా తల్లిదండ్రులను విడిచి ఇంగ్లండుకు శరణార్థిగా వచ్చిన స్టెఫనీ షర్లీ 1962లో ఒక కంప్యూటరు ప్రోగ్రాముల సంస్థ పెట్టింది. పిల్లలు పుట్టారని ఉద్యోగాలు మానుకున్న చదువుకున్న ఆడవాళ్ళకు ఇంట్లో పని ఇవ్వడం ఆమె ఆలోచన. మొదటి 300 మందిలో 297 మంది ఆడవాళ్ళే. పెన్సిలుతో కాగితం మీద ప్రోగ్రాము రాసి పోస్టులో పంపేవారు. కాంకార్డు విమానపు బ్లాక్ బాక్సుకు సంబంధించిన ప్రోగ్రాము కూడా ఆ ఇళ్ళలోనే తయారైంది.

ఆడపేరు చూసి ఎవరూ జవాబివ్వడం లేదని ఆమె ఉత్తరాల కింద "స్టీవ్" అని మగపేరుతో సంతకం చేయడం మొదలుపెట్టింది. ఇంటికి ఫోను వస్తే పిల్లవాడి ఏడుపు అవతలివాళ్ళకు వినబడకూడదని, టైపు మిషను చప్పుడు టేపులో రికార్డు చేసి పెట్టుకుని అది మోగించేది. ఆఫీసులో ఉన్నట్టు అనిపించాలి కదా! చదివితే నవ్వు వస్తుంది. ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది. ఇల్లు పనిలోకి కనిపించకూడదు, పని ఇంటికి కనిపించకూడదు, ఈ రెంటి మధ్యా ఒక్క మనిషి. కొడుక్కి ఆటిజం ఉండి ఆమె ఎంతో శ్రమపడింది. ఒక దశలో తానే మానసికంగా కుప్పకూలి ఆసుపత్రి పాలయింది. తర్వాత కోలుకుని, సంపాదించిన దానిలో చాలా భాగం ఆటిజం పిల్లల కోసం దానం చేసి, 2025లో కన్నుమూసింది. ఇంటి పని ఎందరో ఆడవాళ్ళకు అన్నం పెట్టిందని, గౌరవం ఇచ్చిందని ఆమె జీవితం చెబుతుంది. దాచిపెట్టుకోవడం ఎంత బరువో కూడా చెబుతుంది.

1973లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు అమెరికాలో జాక్ నిల్స్ అనే ఇంజినీరు, మనుషులను పని దగ్గరికి తోలే బదులు పనినే తీగల మీద మనుషుల దగ్గరికి పంపవచ్చు కదా అన్నాడు. దానికొక పేరు కూడా పెట్టాడు. 1980లో ఆల్విన్ టాఫ్లర్ తన ప్రసిద్ధ గ్రంథంలో, రేపటి ఇల్లు ఎలక్ట్రానిక్ కుటీరం అవుతుందని, కుటుంబం మళ్ళీ దగ్గరవుతుందని ఊహించాడు. కుటీరం వచ్చింది, సందేహం లేదు. దగ్గరితనం మాత్రం అడిగితే తప్ప రాలేదు.

2020 మార్చి తర్వాత

1998లో మాదాపూరులో సైబర్ టవర్స్ వచ్చిన నాటి నుంచి మన పిల్లల చదువు అటువైపే నడిచింది. హాస్టలు గది, ఆఫీసు బస్సు, క్యాంటీను, స్నేహితులు, అదొక లోకం. 2020 మార్చి 24 రాత్రి దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించాక ఆ లోకం కొద్ది రోజుల్లోనే ఖాళీ అయింది. పిల్లలు పెట్టె సర్దుకుని ఊళ్ళకు వచ్చేశారు. అమ్మీలు సంతోషించారు. బిడ్డ కళ్ళెదుట ఉన్నాడు, ఇంటి తిండి తింటున్నాడు అని. మేమూ సంతోషించాం.

మా కుర్రాడి రోజు ఎలా గడిచేదో తర్వాత అతనే చెప్పాడు. పొద్దున లేవగానే మంచం మీదే పని మొదలు. మీటింగు మీద మీటింగు. అమెరికా వాళ్ళకు పొద్దు పొడిచే వేళకు మనకు రాత్రి, అప్పుడు మళ్ళీ ఫోను. తెర ముందు నుంచి అయిదు నిమిషాలు కదిలితే పని ఎగ్గొట్టాడని అనుకుంటారేమోనన్న భయం. మరోపక్క ఇంట్లోవాళ్ళం మేము. "ఇంట్లోనే ఉన్నావుగా, గ్యాసు బండ తీసుకురా", "ఇంట్లోనే ఉన్నావుగా, దాదీమాను డాక్టరు దగ్గరికి తీసుకుపో". ఆఫీసువాళ్ళకు అతను ఎప్పుడూ ఆఫీసులోనే ఉన్నాడు. మాకు ఎప్పుడూ ఇంట్లోనే ఉన్నాడు. తనకు తాను మాత్రం ఎక్కడా లేడు. చెప్పామే, మిల్లుకు గేటు ఉండేదని. ఇతని గదికి తలుపు ఉంది, గేటు లేదు.

తెర మీద మొహాలు చూస్తూ మాట్లాడితే ఎందుకంత అలసట అని అడిగాం. దానికీ కారణాలు చెప్పినవాళ్ళున్నారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జెరెమీ బెయిలెన్సన్ 2021లో నాలుగు కారణాలు రాశాడు. మొహాలు మరీ దగ్గరగా కనిపించి కళ్ళలో కళ్ళు పెట్టి చూస్తున్నట్టు ఉండటం, గంటల తరబడి మన మొహం మనకే కనిపించడం, కదలకుండా కూర్చోవలసి రావడం, మామూలుగా తల ఊపితే తెలిసేదాన్ని ప్రయత్నపడి తెలియజేయవలసి రావడం. అద్దం ముందు కూర్చుని రోజంతా బేరం చేసే దుకాణందారు ఎవడైనా ఉంటాడా?

ఈ కాలంలో ఆడపిల్లల కష్టం రెట్టింపు. ప్రభుత్వం 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటి చాకిరీ చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి పెడుతుంటే, ఆ పని ముట్టుకునే మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. ఆఫీసు పని ఇంటికి వచ్చిందని వంటిల్లు తప్పుకోలేదు. మీటింగులో ఉన్న కోడలిని చాయ్ అడిగిన ఇళ్ళు మనలో ఎన్ని లేవు?

లెక్కలు ఏమన్నాయి

ఇంటి పని అంతా చెడ్డదేనా? కాదు. నిజం రెండు వైపులా ఉంది. కరోనాకు పదేళ్ళ ముందే, 2010 చివర్లో, చైనాలోని షాంఘైలో ఒక పెద్ద ప్రయాణ టికెట్ల సంస్థ స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు నికొలస్ బ్లూమ్ బృందంతో కలిసి ఒక పరీక్ష జరిపింది. ఇష్టపడి ముందుకొచ్చిన ఉద్యోగులలో సరి తేదీలలో పుట్టినవాళ్ళను వారానికి నాలుగు రోజులు ఇంటి నుంచి, బేసి తేదీల వాళ్ళను ఆఫీసు నుంచి తొమ్మిది నెలలు పని చేయించింది. ఇంటివాళ్ళ పని 13 శాతం పెరిగింది. ఉద్యోగం మానేసేవాళ్ళు సగానికి తగ్గారు. యజమానులు పొంగిపోయారు. పరీక్ష అయ్యాక ఇక మీ ఇష్టం అన్నారు. అప్పుడు ఇంటి నుంచి పనిచేసిన వాళ్ళలో దాదాపు సగం మంది ఆఫీసుకు తిరిగి వచ్చేశారు! ఎందుకయ్యా అంటే ముఖ్యంగా చెప్పింది ఒంటరితనం. పైగా అంతే పని చేసినా ఇంట్లో ఉన్నవాళ్ళకు ప్రమోషన్లు తక్కువ దక్కాయి. కనిపించనివాడు గుర్తుండడు. 1906 నాటి లండను ఆడవాళ్ళ బాధే ఇది.

అదే సంస్థలో మళ్ళీ 1612 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. ఈసారి వారానికి రెండు రోజులే ఇల్లు, మిగతా రోజులు ఆఫీసు. పని తగ్గలేదు, ఉద్యోగం మానేసేవాళ్ళు మూడో వంతు తగ్గారు. మధ్యేమార్గం మంచిదని పెద్దలు ఊరికే అనలేదు.

కరోనా మొదటి ఏడాదిలోనే ప్రపంచంలో ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో ప్రకటించింది. ఆ పాపమంతా ఇంటి పనిదే అనడం తప్పు. చావు భయం, అప్పులు, పోయిన ఉద్యోగాలు, పోయిన మనుషులు, అన్నీ ఉన్నాయి. కానీ ఒంటరి గదిలో ఆ భయం ఇంకా పెద్దదై కనిపించిందనేది మన ఇళ్ళలో మనం చూసినదే.

చట్టాల మాట కూడా చెప్పాలి. పని వేళ దాటాక ఫోను ఎత్తకపోయే హక్కును ఫ్రాన్స్ 2017 జనవరి నుంచి అమలులో పెట్టింది. ఇళ్ళలో పని చేసేవాళ్ళకు మిగతా కార్మికులతో సమానమైన రక్షణ ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఒప్పందం తెచ్చింది. అది రావడానికి మన అహమ్మదాబాదులో ఇలా భట్ 1972లో పెట్టిన 'సేవ' సంఘం ఎంతో పాటుపడింది. అయినా ఆ ఒప్పందానికి మన దేశం ఆమోదముద్ర వేయలేదు. కరోనాకు ముందు, 2019లోనే, ప్రపంచంలో 26 కోట్ల మంది ఇంట్లోనే ఉపాధి చేసుకుంటున్నారని అదే సంస్థ 2021లో లెక్కగట్టింది. అందులో సగానికి పైగా ఆడవాళ్ళే. ఇంతమందిని లేనట్టు ఎలా చూడగలం?

మన చేతిలో ఉన్నది

ఇంత చరిత్ర తిరగేస్తే మాకు అర్థమైంది ఒకటే. మనిషిని కుంగదీసేది ఇంట్లో పని కాదు. తోడు లేని పని, హద్దు లేని పని, గుర్తింపు లేని పని కుంగదీస్తుంది. నేతగాడికి వీధిలో పడుగు తోడు ఉంది. ఖాలాకు దాలాన్ ఉంది, ఆలస్యంగానైనా పీఎఫ్ నంబరు వచ్చింది. మా కుర్రాడికి మంచి జీతం ఉంది గానీ తోడూ లేదు, హద్దూ లేదు. ఆ రెండూ ఇవ్వవలసినవాళ్ళం అతని ఇంట్లోనే ఉన్నాం. ఇవ్వలేదు.

అసలు గుర్తుపట్టింది ఖాలాయే. ఒకరోజు భోజనం పళ్ళెం అలాగే వెనక్కి వస్తే, ఆమె వెళ్ళి తలుపు కొట్టి, "బేటా, ఆ డబ్బా పట్టుకుని ఇటు దాలాన్‌లోకి రా, నా పక్కన కూర్చో" అన్నది. అతను వచ్చాడు. ఒక గంట ఏమీ మాట్లాడలేదు. ఆమె బీడీలు చుడుతూనే ఉంది. తర్వాత ఉన్నట్టుండి ఏడ్చాడు. ఆ వారంలోనే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాం. పిచ్చా, గాలా, ఎవరైనా చేయించారా అని అడిగిన బంధువులు లేకపోలేదు. వెయ్యేళ్ళ కిందట బల్ఖీ రాసినదే వాళ్ళకు చెప్పాం. మందులు కొన్నాళ్ళు వాడాడు, డాక్టరుతో మాట్లాడాడు. ఇంట్లో కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. పని మంచం మీద కాదు, దాలాన్‌లో బల్ల మీద. పని మొదలుపెట్టే ముందు, ముగించాక వీధి చివరి దాకా ఒక నడక, అదే అతని గేటు. పని వేళలో గ్యాసు బండ మాట ఎవరూ ఎత్తకూడదు. రాత్రి భోజనం అందరం కలిసి. ఇప్పుడతను బాగున్నాడు. వారానికి మూడు రోజులు ఆఫీసుకు పోతున్నాడు.

సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు మా మనవి ఇంతే. మీ ఇంట్లో మిషను కుట్టే ఆపా ఉంటే, అగరుబత్తి చుట్టే అమ్మీ ఉంటే, ల్యాప్‌టాప్ ముందు కూర్చునే కొడుకో కోడలో ఉంటే, వాళ్ళు ఊరికే ఇంట్లో లేరు, పనిలో ఉన్నారని ముందు గుర్తించండి. పని ఎప్పుడు ముగుస్తుందో అడగండి, ముగిశాక నిజంగా ముగియనివ్వండి. రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, మాట తగ్గినా వైద్యుడికి చూపించండి, అందులో సిగ్గుపడవలసింది లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ సేవ ఉంది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఈ నంబరు గోడ మీద క్యాలెండరు పక్కన రాసి పెట్టుకోండి.

మన సంఘ భవనంలో పగటిపూట పెద్ద హాలు ఖాళీగా ఉంటుంది. నాలుగు బల్లలు, రెండు ఫ్యాన్లు, ఒక ఇంటర్నెట్ కనెక్షన్ వేస్తే ఇంట్లో ఒంటరిగా పని చేసే పిల్లలు వచ్చి కూర్చుంటారు. మరో పక్క జాగా ఇస్తే మిషను కుట్టే ఆడవాళ్ళూ వస్తారు. ఖర్చు పెద్దది కాదు. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ ప్రతిపాదన పెట్టబోతున్నాం. మీ అభిప్రాయం చెప్పండి, వీలైతే ఒక బల్ల మీ ఇంటి నుంచి పంపండి.

దాలాన్ పెద్దదైతే ఇల్లు చిన్నదైనా సరిపోతుందని మా ఖాలా అంటుంది. మన సంఘం అలాంటి దాలాన్ కావాలని మా కోరిక.